తెల్లది నీళ్లు తాగిన పొద్దు

మొన్న ఆదివారం నా మనవరాలు "అవ్వా, నీకొక జాగా చూపిస్తా పా" అని ప్రొద్దుటూరు నుంచి పులివెందుల దావన తీసకపోయింది. ఆ పిల్ల కొత్తగా కారు నేర్చుకుంది. గేరు మార్చినప్పుడల్లా నేను లోపల దేవున్ని తలుచుకుంటాంటే, అది పైకి "భయమా అవ్వా" అని నవ్వుతాంది. పులివెందుల ఇంగా కొంచెం దూరముందనంగా దావ పక్కన పెద్ద బోర్డు కనపడింది. అక్షరాలు నాకు యాభై దాటినాకే వచ్చినాయి, అందుకే బోర్డు కనపడితే ఇప్పటికీ వదలను; చివరి అక్షరం దాకా చదివితే గానీ ముందుకు పోనియ్యను. కూడబలుక్కుంటా చదివినా. "గుర్రాలతో మనసుకు నెమ్మది" అని రాసుండాది. చదివినాక నా మనసుకు నెమ్మది బాగనే వచ్చింది. అది లోపలికి పోయిందాకనే.

లోపల తెల్ల రంగేసిన కట్టెల కంచె, ఇసుక పోసిన బయలు, నాలుగైదు గుర్రాలు ఉండాయి. పొడుగు బూట్లేసుకున్న పిల్ల ఒకతి గుర్రం పక్కన మాటా పలుకూ లేకుండా నిలబడి, అది తనంతట తాను తల తిప్పిందాకా ఓపిక పట్టింది. నాకు ఆ పిల్ల నచ్చింది. ఈ రాతలో ఆ పిల్లను గానీ ఆ జాగాను గానీ నేనొక్క మాట అనను. నా మంట వేరే. ఆ పొద్దు ఆడ ప్రారంభోత్సవమంట. షామియానా వేసి, కుర్చీలేసి, కాఫీ ఇస్తాండారు. స్టేజీ మీద శాలువా కప్పుకొని కూర్చున్నాయన్ని చూసినా. మా తమ్ముని పెండ్లాం అన్న. పేరు ఎందుకు, ఆ ఊర్లో అందరూ పెద్దాయన అంటారు, నేనూ అట్లనే రాస్తా. ఆయన మైకు పట్టుకొని, "గుర్రం మనిషి మనసును బాగు చేస్తాది. ఇది నేను ఎవురో చెప్తే విన్నమాట గాదు. మా బావకు, మా చెల్లెలి మొగునికి, మనసు బాగలేకుంటే బాగు చేసింది గుర్రమే. ఆ పొద్దు ఆయన్ని పట్టుబట్టి గుర్రమెక్కించింది నేనే!" అన్నాడు. జనం చప్పట్లు కొట్టినారు.

కాఫీ గ్లాసు కింద పెట్టినా. లేసి నిలబడి, "ఎక్కించినావు సరే, ఎట్ల దిగినాడో గూడా చెప్పు నాయనా!" అని అరిచినా. మనవరాలు నా కొంగు పట్టి గుంజింది. చప్పట్లలో నా మాట ఎవురికీ వినపడలే. మైకు ఆయన కాడ ఉండాది, నా కాడ లేదు. అందుకే రాస్తాండా.

కథ తెలియాలంటే మా ఇంటి సంగతి కొంచెం చెప్పాల. నేను పుట్టింది పులివెందుల పక్క పల్లెలో, భూములున్న ఇంట్లో. నన్ను ప్రొద్దుటూరులో ఇచ్చినారు. సంబంధం చూసినప్పుడు మా ఆయనోళ్లకు గూడా భూమి ఉండె. నేను కాపురానికి పోయేసరికి అదంతా కోర్టుల చుట్టూ తిరిగి తిరిగి కరిగిపోయ, ఒక జట్కా బండి, ఒక గుర్రం మిగిలె. మా ఆయనకు దాని గురించి సిగ్గనేదే లేదు. బస్టాండు కాడ నిలబడి, మైదుకూరు నుంచి బంగారం కొననీకి దిగే ఆడోళ్లను ఎక్కించుకునేవాడు. జట్కాలో బరువంతా ముందర పడితే గుర్రం మెడ మీద కూర్చున్నట్లయితాది, ఎనక పడితే కాడి పైకి లేసి గుర్రానికి గొంతు పట్టుకుంటాది. అందుకని ఎక్కినోళ్లనల్లా "నువ్వు కొంచెం ముందుకు జరుగమ్మా, నువ్వు ఎనక్కి పో అప్పా" అని సర్దిందాకా బండి కదిలించడు. లావుపాటి షావుకార్ల ఇండ్ల ఆడోళ్లు "మమ్మల్ని తూకం వేస్తాండావా" అని తిట్టేది, ఈయన నవ్వేది. మా పుట్టింటోళ్లు మాత్రం మా ఇంటికొస్తే లద్దె వాసనని ముక్కుకు తువ్వాల అడ్డం పెట్టుకునే వాళ్లు. గుర్రం లద్దె ఎండుగడ్డి వాసనే వస్తాది. ముక్కుండేటోళ్లకు తెలుస్తాది.

ఆటోలొచ్చినాక జట్కాలు పోయినాయి. మా ఆయన పెండ్లిల్లకు తిప్పనీకి ఒక తెల్ల ఆడగుర్రాన్ని తెచ్చినాడు. దానికి పేరు పెట్టే ఓపిక ఎవురికీ లేక తెల్లది అనే పిలిచినాము, అది గూడా ఆ పేరుకే పలికింది. మా ఆయన పోయినాక అమ్మెయ్యమని అందరూ చెప్పినారు. నేను అమ్మలే. ఉలవలు నానబెట్టేది, ఒళ్లంతా రుద్ది మాలీసు చేసేది, కొట్టం ఊడ్చేది నేను. పెండ్లిల్లలో పగ్గం పట్టుకొని నడిచేది పక్కింటి సాయిబు. మనిషి మంచోడు, నోరు మాత్రం ఊరుకోదు. పెండ్లికొడుకు గుర్రం మీద వణుకుతాంటే, "భయపడాకు అప్పా, ఇది పడేస్తే ఒకసారే నొప్పి, రేపటి నుంచి నీది రోజూ నొప్పి" అంటాడు.

ఇంగ మా తమ్ముడు. వానికి పులివెందుల కాడ చీనీ తోట, అదే బత్తాయి తోట, ఉండె. వాడు మాట్లాడితే ఊరు ఆగి వినేది. కూలోళ్ల మీద గానీ పెండ్లాం మీద గానీ మాట దురుసే, ఆ సంగతి నేను దాచను. అన్నం కొంచెం చల్లగుంటే పళ్లెం విసిరేటోడు. అయినా తోట కాడ ఆ మనిషే వేరే. చెట్టు చెట్టుకూ పోయి ఆకు తిప్పి చూసేవాడు. వానలు పోయినాయి. బోరు ఎండింది. ఇంగోటి వేసినాడు, దాంట్లో దుమ్ము లేసింది. దాని పక్కన ఇంగోటి. కాయలు నిమ్మకాయలంత అయిపోయి రాలినాయి, ఆకులు ముడుచుకున్నాయి. కడాకు రంపం మిషనోళ్లు వచ్చి చెట్లను కోస్తాంటే వీడు గట్టు మీద నిలబడి చూసినాడంట. ఆ చప్పుడు ఆగినాక వీని మాట గూడా ఆగిపోయింది. మంచం మీద కూర్చుంటే కూర్చున్నట్లే. ఏమన్నా అడిగితే చేతికందింది విసిరేది. ఫోను పగలగొట్టినాడు, అద్దం పగలగొట్టినాడు.

అప్పుడు పెద్దాయన ఏం చేసినాడో రాయాల. కడపలో డాక్టరు చూసి మాత్రలు రాసిచ్చి, మనిషిని ఒంటరిగా వదలొద్దు, చేతులకు ఏదన్నా పని చెప్పండని పంపిస్తే, ఈయన దావలోనే ఆ మందుల చీటీ చింపేసినాడు. "మగోనికి మనసు బాగలేకపోవడమేంది? పిచ్చి మందులు మింగుతాండాడని తెలిస్తే మన ఇంటి గడప ఎవురన్నా తొక్కుతారా?" అన్నాడంట. ఊర్లో అందరికీ షుగరని చెప్పించినాడు. వచ్చి చూసినోళ్లంతా కాకరకాయలు ఇచ్చిపోయినారు. బ్రహ్మంగారిమఠం తీసకపోయి నిద్ర చేయించినారు, దారం కట్టించినారు. దానికి నేను అడ్డం చెప్పను, దేవుడు చెయ్యాల్సింది దేవుడు చేస్తాడు. మాత్రల చీటీ చింపమని ఏ దేవుడు చెప్పినాడు?

ఒక పొద్దు మా మరదలు వాన్ని బస్సులో పెట్టుకొని మా ఇంటికి వచ్చింది. అన్నకు తెలియకుండా డాక్టరు కాడ మళ్లా చీటీ రాయించుకొని, మాత్రలు కొని కొంగులో కట్టుకొచ్చింది. "వదినా, కొన్నాళ్లు నీకాడ ఉంచుకో. ఈడయితే ఆయన్ని తెలిసినోళ్లు ఎవురూ చూడరు" అని ఏడ్చింది. అది మాట్లాడే మనిషి గాదు. అన్న ముందర తలొంచుకునేది, మొగుని ముందర తలొంచుకునేది, ఇద్దరూ లేనప్పుడు గూడా అలవాటుగా ఒంచుకునే ఉండేది.

తమ్ముడు కొట్టం పక్క మంచమేసుకొని కూర్చున్నాడు. నేను పెట్టింది తినేది, మాత్ర ఇస్తే మింగేది, గోడ చూసేది. తెల్లది వాన్ని చూసేది, వాడు దాన్ని చూసేది లేదు. ఒక పొద్దు నాకు మోకాళ్లు పట్టేసి లేవలేకపోయినా. పొయ్యి కాడ కూర్చొని సంగటి గెలుకుతా, "తమ్ముడా, దానికి కొంచెం నీళ్లు పెట్టు" అని కేకేసినా. వాడు లేసినాడు. బకెట్ నింపుకొని, కూలోని ముందర పార పడేసినట్లు దాని ముందర ధబీమని పెట్టినాడు. తెల్లది తల ఎగరేసి, ఎనక్కి తిరిగి నిలబడింది. వాడు ఇటు పక్క పెట్టినాడు, అది అటు తిరిగింది. పగ్గం పట్టి గుంజితే నాలుగు కాళ్లూ భూమిలో నాటుకొని నిలబడింది. సాయిబు గోడ మీద నుంచి తల పెట్టి, "మామా, దానికి చెవుడు లేదు, అంత చప్పుడు ఎందుకు? అది నీ పెండ్లాం గాదు, నీ బకెట్ చప్పుడుకు పరిగెత్తి రానీకి" అన్నాడు.

వాడు బకెట్‌ను కాలితో తన్నినాడు. నీళ్లన్నీ పోయినాయి. మళ్లా నింపుకొచ్చినాడు. మళ్లా అది మొగం తిప్పింది. అప్పుడు వాని నోట్లో నుంచి మాట వచ్చింది. అన్ని నాళ్ల తర్వాత మొదటి మాట. "నీళ్లున్నాయి గదే! నీళ్లున్నాయి! తాగవేందే?" అని అరిచినాడు. ఆ గొంతు విన్నాక నాకు అర్థమయింది, వాడు గుర్రంతో మాట్లాడతాండలేదు. సాయిబు గూడా నోరు మూసుకొని గోడ దిగిపోయినాడు. నేను పోదామని లేసి, మోకాలు రాక ఆడనే ఆగినా. పోలేకపోవడమే మంచిదయింది. వాడు బకెట్‌ను కాళ్ల మధ్యన పెట్టుకొని, మట్టిలో కూలబడి, తల ఒంచుకున్నాడు. గోడ మీద ఎండ కిందికి దిగి కొట్టం గడప దాకా వచ్చింది. తెల్లది చెవి ఒకటి ఇటు తిప్పింది. తర్వాత మెడ. తర్వాత ఒక్కొక్క అడుగు వేసుకుంటా వచ్చి, వాని తల మీద ఊపిరి వదిలి, బకెట్‌లో మూతి పెట్టింది. గుర్రం తాగేటప్పుడు చూసినారో లేదో, గుటక గుటకా గొంతులో పైకి ఎక్కుతా కనపడతాది. వాడు దాన్నే చూస్తా కూర్చున్నాడు. బకెట్ ఖాళీ అయినాక పొయ్యి కాడికొచ్చి, "తాగింది అక్కా" అన్నాడు.

సంగటి కట్టె నా చేతిలోనే ఉండిపోయ. ఆ పొద్దు సంగటి మాడిపోయింది, ఇద్దరమూ మాడు సంగటే తిన్నాము.

దీన్ని నేను మాయ అని చెప్పను. మాత్రలు మింగుతానే ఉన్నాడు. కొన్ని పొద్దులు లేసేవాడే గాదు, దుప్పటి ముసుగేసుకొని గోడ పక్కకు తిరిగేవాడు. లేసిన పొద్దు మాత్రం తెల్లది కాడికి పోయేవాడు. దాన్ని పెన్నలో ఇసుక మీద నడిపించుకొచ్చేది, మాలీసు చేసేది, గిట్టల్లో రాళ్లు తీసేది. గుర్రం గిట్ట ఇయ్యాలంటే ముందు నువ్వు నెమ్మదించాల. కోపంగా వంగితే కాలు బిగబడతాది. భుజం ఆనించి ఊరికే నిలబడితే తనే బరువు మార్చి కాలు చేతిలో పెడతాది. వాడు పుట్టినప్పటి నుంచి ఇయ్యి అంటే ఇచ్చేటోళ్లనే చూసినాడు. అడిగి నిలబడేది వానికి కొత్త. అట్ల నిలబడి నిలబడి అది మనుషుల కాడ గూడా అలవాటయింది. ఒక పూట చారులో ఉప్పు మర్చిపోయినా. పళ్లెం ఎగురుతాదని నేను పక్కకు జరిగితే, వాడు "అక్కా, కొంచెం ఉప్పుందా" అన్నాడు. అదే వారంలో మరదలు ఫోను చేసి గుసగుసగా, "వదినా, ఆయనకు మళ్లా ఏమన్నా అయిందా? ఇప్పుడే నీ ఫోనులో నుంచి చేసి నన్ను తిన్నావా అని అడిగినాడు!" అంది. సాయిబు ఊరుకుంటాడా? "మామా, తెల్లదానికి రోజూ చెప్పే మాటల్లో సగం మా అత్తకు చెప్పుంటే, ఆయమ్మ నిన్ను భుజానేసుకొని తిరిగేది" అన్నాడు. తమ్ముడు నవ్వినాడు. వాని పండ్లు చూసి ఎన్నాళ్లయిందో.

జమ్మలమడుగులో పెండ్లి ఒకటి ఒప్పుకొని ఉన్నాము. సరిగ్గా అప్పుడే సాయిబుకు చీలమండ బెణికింది. నేను వద్దని చెప్పి పంపిద్దామనుకుంటే, "నేను పట్టుకుంటా అక్కా" అన్నాడు తమ్ముడు. వాడే తెల్లదానికి స్నానం చేయించి, అద్దాల జీను వేసి, నొసటికి పూసల తురాయి కట్టినాడు. తనూ తలకు రుమాలు చుట్టుకున్నాడు. ముగ్గరమూ మినీ లారీలో పోయినాము, ముగ్గరిలో తెల్లదే తల పైకెత్తుకొని నిలబడింది. పొద్దు గూకే యాళకు మెరవణి మొదలయింది. గుర్రం మీద పెండ్లికొడుకు, తల కాడ మా తమ్ముడు, ముందర డప్పులు. నేను పక్కన ఆడోళ్లతో నడుస్తాండా. వాడు దాని చెవిలో ఏదో చెప్తా, డప్పు గట్టిగైనప్పుడల్లా మెడ మీద అరచేయి పెడతా, ఎంత బాగా నడిపించినాడో నాకు కండ్ల ముందరే ఉండాది.

మండపం దగ్గర పడినాక ఎదుర్కొని పిలుచుకొని పోనీకి ఆడపిల్లోళ్లు వచ్చినారు. ముందర తెల్లచొక్కాతో పెద్దాయన. ఆయనకు ఆ ఇంటితో చుట్టరికమని మాకేం తెలుసు! మా పక్క మెరవణిల్లో గుర్రం మీద ఉండేటోని మొగం అందరూ చూస్తారు, పగ్గం పట్టుకునేటోని మొగం ఎవురూ చూడరు. పెద్దాయన గూడా చూడలే. పెండ్లికొడుకుకు దండ వేయనీకి వచ్చి, మా తమ్మున్ని మోచేత్తో నెట్టి, "ఒరే, పక్కకు జరుగురా" అన్నాడు. తమ్ముడు "కొంచెం నెమ్మదిగా రా బావా, బెదురుతాది" అన్నాడు. ఆ గొంతు విని పెద్దాయన తిరిగి చూసినాడు. సొంత చెల్లెలి మొగున్ని పదిమందిలో ఒరే అన్నాడు గదా, ఆ మొగంలో రంగు లేదు.

"బావా! నువ్వా? ఏంది ఈ కర్మ?"

"కర్మ గాదు బావా, పని. పెండ్లికొడుకును దింపేసి వస్తా, కూర్చొని మాట్లాడుకుందాం."

"పనా? మా చెల్లెలి మొగుడు గుర్రం లద్దె ఎత్తుతాండాడని జమ్మలమడుగంతా చూడాల్నా? మా బావ గుర్రమెక్కేటోడప్పా, పట్టుకునేటోడు గాదు!"

మర్యాద పోయిందనుకుంటే మా వాళ్లకు దాన్ని తిరిగి తెచ్చుకునే దావ ఒకటే తెలుసు: ఇంగా గట్టిగా చప్పుడు చేసేది. పెండ్లికొడుకును దింపి జీపులో కూర్చోబెట్టినాడు. వానికి వేయాల్సిన దండ తీసి మా తమ్ముని మెడలో వేసినాడు. నలుగురు పట్టుకొని పైకి లేపుతాంటే వాడు బతిమాలినాడు. "వద్దు బావా, తల కాడ నేను లేకుంటే అది నిలబడదు. టపాకాయలన్నా ఆపమను." వినేదెవురు? "దేవుడు గుర్రాన్ని పుట్టించింది ఎక్కేదానికే గదా బావా, కూర్చో!" అన్నాడు. పగ్గం తీసి ఇంకో చుట్టం చేతిలో పెట్టినారు. ఆయన ఒక చేత్తో పగ్గం, ఇంకో చేత్తో ఫోను పట్టుకొని వీడియో తీసుకుంటాండాడు. "దింపండిరా వాన్ని!" అని నేను పోబోతే, ఒకామె నన్ను పట్టి ఆపి, "నువ్వుండు పెద్దమ్మా, మగోళ్లు చూసుకుంటారు" అంది. చూసుకున్నారు. బాగా చూసుకున్నారు. టపాకాయల సరం దాని కాళ్ల ముందరే అంటించినారు.

తెల్లది ముందరి కాళ్లు పైకెత్తింది. దుమ్ము లేవకుండా రోడ్డంతా నీళ్లు చల్లి ఉన్నారు, ఎనక గిట్టలు సర్రున జారినాయి. గుర్రం పక్కకు పడింది, మా తమ్ముడు దండతోనే పోయి సిమెంటు మీద పడినాడు. వాని భుజం ఎముక ఇరిగిన చప్పుడు నేను వినలే, ఆ సరం ఇంగా పేలతానే ఉంది. వాడు ఏం చేసినాడో మాత్రం చూసినా. ఇరిగిన చేయిని రొమ్ముకు పట్టుకొని, మోకాళ్ల మీద పాక్కుంటా దాని తల కాడికి పోయి, మంచి చేత్తో దాని కన్ను మూసి, చెవిలో మాట్లాడినాడు. అది లేసింది. ముందరి కాలు ఒకటి నేలకు ఆనించలే.

పెద్దాయన తప్పు తన మీదికి రాకముందే తీర్పు చెప్పేసినాడు. "దరిద్రపు గుర్రం. శుభమా అని పెండ్లయితాంటే అపశకునం." తమ్మున్ని జీపులో ఆస్పత్రికి, ఆడ నుంచి పులివెందులకు తీసకపోయినారు. నన్ను జీపెక్కనియ్యలే. కుంటే గుర్రాన్ని మినీ లారీ దాకా నేనొక్కదాన్నే నడిపించినా. దావలో ఒక్కడు గూడా పగ్గం అందుకోలే.

తర్వాత పెద్దాయన చెల్లెలి ఇంట్లోనే తిష్ట వేసినాడు. తమ్మున్ని మిద్దె పైగదిలో పెట్టినారు, మాత్రలు మళ్లా మాన్పించినారు. వాడు మళ్లా మాట బంద్ చేసినాడని తెలిసి, బస్సులో పోయినా. పెద్దాయన వరండాలో కుర్చీ వేసుకొని కూర్చున్నాడు. "వదినా, ఇంగ నువ్వు రావొద్దు. నీ గుర్రం వల్లనే మా బావకు ఈ గతి" అన్నాడు. "గుర్రం వల్ల గాదు, నీ వల్ల. అది పడలే, నువ్వు పడేసినావు" అన్నా. ఆయన నవ్వినాడు. నేను పుట్టిన పల్లె పక్కనుండే ఊర్లో, నా తమ్ముని ఇంట్లో, మంచినీళ్లు గూడా తాగకుండా ఎనక్కి వచ్చినా. తలుపు చాటున మరదలు నిలబడి చూస్తాండాది, ఒక్క మాటన్లే. ఆ పొద్దు బస్సులో దాన్ని తిట్టినన్ని తిట్లు నేను ఎవుర్నీ తిట్టలే.

కొన్నాళ్లకు మిట్టమధ్యాన్నం మా ఇంటి ముందర మినీ లారీ ఆగింది. ముందర సీట్లో నుంచి మరదలు దిగింది. ఒక్కతే.

"వదినా, తెల్లదాన్ని ఇయ్యి. తోట కాడికి తోలుకపోతా."

"మీ అన్న ఏమంటాడో?"

"ఏమన్నా అననీ. మా అన్నకు ఒక ఇల్లుంది, ఆడికి పొమ్మని చెప్పొచ్చినా."

తల ఒంచుకోకుండా ఆ మనిషి మొగం నేను చూసింది అప్పుడే. పొడుగు మెడే. "మా అన్నకు మర్యాద కావాల," అంది. "నాకు మాత్రం ఆ మనిషి కావాల వదినా. నా కాపురంలో ఆయన నన్ను తిన్నావా అని అడిగింది ఈడ నీకాడ ఉన్నప్పుడే. మళ్లా అడగాల." ఏడవలే. నేనే ఏడ్చినా. సాయిబు కుంటుకుంటా వచ్చి, కుంటే గుర్రాన్ని లారీ ఎక్కిస్తా, "నేనూ అదీ ఒకే కాలు మీద ఉండాము అక్కా, పోయేటప్పుడు మా ఇద్దరికీ కలిపి ఒక ఫోటో తియ్యి" అన్నాడు.

తోటంటే ఏముంది, మొద్దులు. గట్టు మీద ఒక తొట్టి, ట్యాంకరు నీళ్లు. తెల్లదాన్ని ఒక మొద్దుకు కట్టి నేను ఆడనే నిలబడినా. మరదలు ఇంటికి పోయి, మొగున్ని చేయి పట్టుకొని నడిపించుకొచ్చింది, నడి ఊర్లో, అరుగుల మీద కూర్చున్నోళ్లందరి ముందర, పెద్దాయన జీపు ముందర. వాడు గడ్డం పెంచుకొని, చేతికి కట్టుతో, నేల చూసుకుంటా వచ్చినాడు. తెల్లది సకిలించింది. వాడు తల ఎత్తినాడు. చానా సేపు దూరం నుంచే చూసినాడు. తర్వాత పోయి, వంగి, దాని ముందరి కాలు అరచేత్తో పై నుంచి కింది దాకా తడిమినాడు. మంచి చేత్తో బకెట్ ముంచి, చప్పుడు కాకుండా పెట్టి, పక్కన కూర్చున్నాడు. అది ఊరికే ఉంది, వాడూ ఊరికే ఉన్నాడు. కడాకు మూతి ముంచింది. వాడు మా పక్కకు తిరిగి, మొగం చిట్లించుకొని, "ఎండలో నిలబడినారేంది ఇద్దరూ? తిన్నారా?" అన్నాడు.

మరదలు కొంగు నోట్లో కుక్కుకుంది.

అదీ పెద్దాయన మైకులో చెప్పని కథ. ఇప్పుడు తోటలో చీనీ లేదు, వానొస్తే కొర్ర వేస్తారు, గట్టెంబడి జొన్న మేపు వేస్తారు. తమ్ముడు మాత్రలు వేసుకుంటాడు, అందరి ముందరే వేసుకుంటాడు. కొన్ని పొద్దులు ఇప్పటికీ లేయడు. అప్పుడు మరదలే తెల్లదానికి నీళ్లు పెట్టి, కిటికీ కాడ దాన్ని కట్టేసి పోతాది.

మొన్న ఆ షామియానా నుంచి లేసి, కారును నేరుగా తోట కాడికి పోనీమన్నా. తమ్మునికి మైకు సంగతంతా చెప్పినా. వాడు విని, "శాలువా కప్పినారా?" అని అడిగినాడు. కప్పినారన్నా. "అయితే బావకు ఈ చలికాలానికి ఇబ్బంది లేదులే" అని నవ్వినాడు. నాకు ఒళ్లు మండింది. "నువ్వు పోనిస్తావేమో, నేను పోనియ్యను. చీటీ చింపినాడు, భుజం ఇరగ్గొట్టినాడు, గుర్రాన్ని కుంటి చేసినాడు, ఇప్పుడు చప్పట్లు కొట్టించుకుంటాండాడు!" అని బకెట్ తీసుకొని తెల్లదాని ముందర పెట్టినా. అది తల ఎగరేసి ఎనక్కి తిరిగి నిలబడింది. నేను చేత్తో పెంచిన గుర్రం! తమ్ముడు గట్టు మీద నుంచి, "చప్పుడు చేస్తాండావక్కా. ఊరికే నిలబడు" అన్నాడు.

నిలబడినా. కోపం పోలే, పోదు గూడా, అది నాతో పాటే కట్టెల్లోకి వస్తాది. చేతులు మాత్రం కొంచెం నెమ్మదించినాయి. మొద్దుల నీడలు పొడుగైనాయి, మనవరాలు కారు కాడ హారను కొట్టబోయి మానుకుంది. తెల్లది చెవి తిప్పింది, కుంటుకుంటా వచ్చింది, మూతి ముంచింది. గొంతులో గుటకలు ఒకటెనక ఒకటి పైకి ఎక్కుతా ఉంటే చూస్తా ఉండిపోయినా. పోయిన కాలం గూడా నాకు ఇప్పుడు ఈ తెల్లదాని మాదిరే కనపడతాది. ఎంత అరిచినా రాలేదు. ఊరికే నిలబడినాక, కుంటుకుంటా అయినా, చేతి కాడికి వచ్చి తాగుతాండాది.